చాయ్ తాగితే తిన్నట్టా? కమ్యూనికేషన్ మౌలిక భావనలు మీ సొంత మాటల్లోంచే నేర్చుకునే పద్ధతి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్. కౌంటర్‌కి అడ్డంగా అద్దం, అద్దంలో చెయ్యి పట్టేంత ఖాళీ. అవతల ఇరవై ఏళ్లు దాటీ దాటని అమ్మాయి, ఇవతల అరవై ఆరేళ్ల మా అమ్మ.

"రేపు పొద్దున ఏం తినకుండా రావాలమ్మా."

"సరే బిడ్డా."

మర్నాడు ఆరున్నరకే ఆటో ఎక్కి వెళ్లాం. సూది గుచ్చే ముందు అడిగారు, ఏమీ తినలేదు కదా అని. "లేదు, ఏం తినలే. చాయ్ తాగొచ్చిన" అంది అమ్మ. అంతే, సూది పక్కన పెట్టేశారు. పాలూ చక్కెరా కడుపులో పడ్డాక ఫాస్టింగ్ షుగర్ చూడటంలో అర్థం లేదు. మళ్లీ రేపు రమ్మన్నారు. "తినకుండా రమ్మని చెప్పాం కదా మేడమ్" అని వాళ్లు. "తినలేదనే కదా చెప్తున్న" అని అమ్మ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఏడేళ్లుగా డిగ్రీ పిల్లలకు కమ్యూనికేషన్ మొదటి సెమిస్టరు పాఠాలు చెబుతున్నాను. నిర్వచనాలు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కిన పిల్లలు, ఆరు నెలల తర్వాత కనబడితే ఒక్కటీ గుర్తులేదంటారు. తమ ఇంట్లో జరిగిన ఒక్క మాటను విప్పి చూసుకున్నవాళ్లు మాత్రం మర్చిపోరు. అందుకే ఈ మార్గదర్శిలో ల్యాబ్‌లో జరిగిన ఆ రెండు మాటలనే మొదటి నుంచి చివరిదాకా వెంట తీసుకెళ్తాను. మీరూ మీ సంభాషణ ఒకటి పక్కన పెట్టుకుని చదవండి. ఒక నోట్‌బుక్, రెండు వారాల టైమ్ చాలు.

మొదటి అడుగు: చెడిన సంభాషణను ఎంచుకోండి

బాగా జరిగిన సంభాషణలో నేర్చుకోవడానికి ఏమీ కనబడదు. కరెంటు ఉన్నంతసేపూ గోడలో వైర్లు ఉన్నాయని ఎవరికి గుర్తుంటుంది? ఎక్కడో తేడా కొట్టిన మాట కావాలి. ఆటో అతనితో, ఇంటి ఓనరుతో, అత్తగారితో, ఆఫీసులో టీమ్ లీడ్‌తో, ఎవరితోనైనా సరే. చిన్నదైతే మరీ మంచిది. పెద్ద గొడవల్లో పాత లెక్కలు చాలా కలిసిపోయి, తాడు చివర దొరకదు.

జరిగిన రోజే రాయండి, రెండో రోజుకి మనకు అనుకూలంగా మారిపోతుంది. అన్నది అన్నట్టే రాయాలి. "తాగొచ్చిన" అన్నదాన్ని "తాగి వచ్చాను" అని దిద్దితే సగం సమాచారం పోయినట్టే. ఇంకో మాట, మా పిల్లలకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఇదే: "విసుగ్గా అంది" అని రాయకండి. విసుగు మీరు కట్టిన పేరు. కంటికి కనబడింది, చెవికి వినబడింది రాయండి. "కంప్యూటర్ స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకుండా అంది." ఇది విసుగు కావచ్చు, పని ఒత్తిడి కావచ్చు. తేల్చడం తర్వాత పని.

రెండో అడుగు: ఐదు ప్రశ్నలు వేయండి

1948లో అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ ఒక సూత్రం ఇచ్చారు. ఎవరు, ఏమి, ఏ మాధ్యమంలో, ఎవరికి చెప్పారు, దాని ప్రభావం ఏమిటి? మీ సంభాషణ కింద ఈ ఐదూ రాయండి. మాది ఇలా వచ్చింది: కౌంటర్ అమ్మాయి, తినకుండా రావాలని, అద్దం వెనక నుంచి నోటిమాటగా, అమ్మకు, ప్రభావం, ఒక రోజు వృథా, ఆటోకి రెండుసార్లు డబ్బులు.

లాస్‌వెల్ ప్రచారాన్ని, అంటే జనాన్ని మాటలతో కదిలించే పనిని, అధ్యయనం చేసిన మనిషి. అందుకే ఆయన సూత్రంలో మాట రేడియోలోలాగా ఒకవైపే పోతుంది. అవతలివాళ్లు తిరిగి మాట్లాడటం ఇందులో కనిపించదు. అయినా మొదట ఈ ప్రశ్నలే వేయమంటాను, ఎందుకంటే చివరి ప్రశ్న మనం మామూలుగా వేసుకోం. "నేను చెప్పాను" దగ్గరే ఆగిపోతాం.

మూడో అడుగు: నాయిస్ ఎక్కడుందో వెతకండి

అదే 1948లో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే క్లాడ్ షానన్ ఒక పరిశోధన వ్యాసం రాశారు. ఆయన ముందున్నది ఇంజినీరింగ్ సమస్య: ఒకచోట ఎంచుకున్న సందేశాన్ని ఇంకోచోట ఉన్నదున్నట్టు ఎలా రాబట్టాలి? ఆయన బొమ్మలో సమాచార మూలం, ట్రాన్స్‌మిటర్, ఛానెల్, రిసీవర్, గమ్యం వరసగా ఉంటాయి. మధ్యలో ఛానెల్ మీద పడి సందేశాన్ని చెడగొట్టేది నాయిస్. నాయిస్‌ని ఓడించాలంటే సందేశంలో కొంత అదనం ఉండాలి, చెప్పిందే ఇంకోలా చెప్పడం లాంటిది. ఫోన్‌లో నంబరు చెప్పి, అవతలివాళ్ల చేత మళ్లీ చెప్పించుకుంటామే, అదే సంగతి.

అర్థం సంగతి తన ఇంజినీరింగ్ సమస్యకు సంబంధం లేనిదని షానన్ ఆ వ్యాసంలోనే స్పష్టంగా చెప్పారు. తర్వాతివాళ్లు ఆ బొమ్మను మనుషుల మాటలకు వాడుకున్నప్పుడు నాయిస్ అనే మాటను సాగదీయాల్సి వచ్చింది. ఇప్పుడు పాఠాల్లో కనీసం మూడు రకాలు చెబుతాం.

మొదటిది చెవికి తెలిసే గోల. ల్యాబ్‌లో టోకెన్ పిలిచే మైకు, అద్దం, బయట బస్సుల హారన్లు. రెండోది మనసులోని గోల. రిపోర్టులో ఏమొస్తుందో అన్న టెన్షన్‌తో నిలబడ్డ మనిషి చెవికి సగం మాటలే ఎక్కుతాయి. మూడోది అర్థంలో గోల. హైదరాబాద్‌లో చదువుకునేవాళ్లకు ఈ మూడోది వీధి వీధినా దొరుకుతుంది.

ఇక్కడ చాలామంది కళ్లు తిరగడాన్ని "చక్కర్ వస్తుంది" అంటారు. ఉర్దూ నుంచి వచ్చిన మాట. ఈమధ్యే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ డ్యూటీలో చేరిన నర్సు చెవికి అది చక్కెరలా వినబడితే, పేషెంటు షుగర్ జబ్బు గురించి చెబుతున్నట్టు అర్థమవుతుంది. పాతబస్తీ ఉర్దూలో "పర్సోఁ" మొన్న ఒక్కటే కాదు, గడిచిపోయిన ఏ రోజైనా కావచ్చు. "పర్సోఁ ఇచ్చాను కదా భాయ్" అన్న టైలరు మొన్న ఇచ్చాడో, పండగ ముందు ఇచ్చాడో అడిగి తెలుసుకోవాల్సిందే. వీళ్లెవరూ తప్పు మాట్లాడటం లేదు. మాట ఒకటే, దాని వెనక నిఘంటువులు రెండు.

మీ నోట్సులో మూడు రకాలకూ మూడు రంగులు వాడండి. ఏ రంగు ఎక్కువ పడిందో చూస్తే మీ సంభాషణ ఏ దారిన చెడిందో తెలుస్తుంది.

నాలుగో అడుగు: రెండు వృత్తాలు గీయండి

1954లో అమెరికన్ కమ్యూనికేషన్ పండితుడు విల్బర్ ష్రామ్, షానన్ వరసగా గీసిన బొమ్మను వంచి వృత్తం చేశారు. మాట్లాడేవాళ్లిద్దరూ చెప్పేవాళ్లే, విప్పుకునేవాళ్లే. ఒక్కొక్కరి చుట్టూ వాళ్ల అనుభవ క్షేత్రం ఉంటుంది: పెరిగిన ఊరు, చదువు, వంటిల్లు, పండగలు, పని. ఆ రెండు క్షేత్రాలు ఎంతమేర ఒకదానిమీద ఒకటి పడితే అంతమేరే అర్థం దాటుతుంది.

కాగితం మీద రెండు వృత్తాలు గీసి, కీలకమైన మాట ఒక్కటి తీసుకుని రెండింట్లోనూ దాని అర్థం రాయండి. మా మాట "తినడం".

కౌంటర్ అమ్మాయి వృత్తంలో: మంచినీళ్లు తప్ప నోట్లో ఏదీ పడకూడదు, కనీసం ఎనిమిది గంటలు. అమ్మ వృత్తంలో: తినడమంటే టిఫిన్, అన్నం, అరటిపండు. చాయ్ తాగేది. తెలుగు వ్యాకరణం అమ్మ వైపే ఉంది. చాయ్ "తిన్నాను" అని ఎవరంటారు?

సరే, ఆ అమ్మాయి "ఫాస్టింగ్" అనో "ఉపవాసం" అనో అని ఉంటే? ఇంకా చెడేది. మా ఇంట్లో ఏకాదశి ఉపవాసమంటే పాలు, పళ్లు పుచ్చుకోవచ్చు. అమ్మ గ్లాసుడు పాలు తాగి, రెండు అరటిపళ్లు తిని, నిశ్చింతగా ఆటో ఎక్కేది.

ఇక్కడ కాసేపు ఆగి, వృత్తాలు కలిసే చోట పనికొచ్చే మాట ఏదైనా ఉందేమో వెతకండి. మాకు ఒకటి దొరికింది. అది చివర్లో చెబుతాను.

ఐదో అడుగు: "సరే"లను లెక్కపెట్టండి

అవతలివాళ్ల నుంచి తిరిగొచ్చేది ఫీడ్‌బ్యాక్. అమ్మ "సరే బిడ్డా" అంది. కౌంటర్ అమ్మాయి దాన్ని "అర్థమైంది" అని చదువుకుంది. అమ్మ చెప్పింది "వినబడింది" అని మాత్రమే.

రెండు రోజులపాటు మీ చుట్టూ వినబడే ఒప్పుకోలు మాటలన్నీ రాసుకోండి. సరే, ఊఁ, హౌ, అట్లనే, అలాగేనండీ, చూద్దాం లెండి. ఒక్కోదాని పక్కన తర్వాత ఏం జరిగిందో రాయండి. "చూద్దాం లెండి" అంటే చాలాసార్లు కుదరదనే. ఫోన్‌లో "ఊఁ" రావడం ఆగిందంటే అవతలి మనిషి ఇంకేదో పనిలో పడ్డట్టు. ఇవన్నీ చెప్పేవాళ్లు మాట్లాడుతుండగానే వస్తుంటాయి, చెప్పడం అయ్యాక కాదు. డీన్ బార్న్‌లండ్ 1970లో ప్రతిపాదించిన ట్రాన్సాక్షనల్ నమూనా సారం ఇదే: ఇద్దరూ ఒకేసారి పంపుతూ, ఒకేసారి అందుకుంటూ, అర్థాన్ని కలిసి తయారుచేస్తారు.

వైద్యరంగంలో దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. "అర్థమైందా?" అని అడగరు, ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ "ఆఁ" కాబట్టి. "ఇంటికెళ్లాక ఏం చేస్తారో ఒకసారి చెప్పండి" అని పేషెంటు నోటితోనే చెప్పించుకుంటారు. దీన్ని టీచ్-బ్యాక్ అంటారు. ఈ వారం ఇంట్లోనే ఎవరికైనా ఒక పని చెప్పి, ఇలా చేసి చూడండి. మర్యాదగా అడగడం అనుకున్నంత తేలిక కాదని మీకే తెలుస్తుంది.

ఆరో అడుగు: మాట కానివాటిని చదవండి, కానీ లెక్కలు నమ్మకండి

అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా పర్సనాలిటీ డెవలప్‌మెంట్ స్లైడ్‌లో ఈ లెక్క కనబడొచ్చు: కమ్యూనికేషన్‌లో మాటల వాటా 7 శాతం, గొంతు 38, ముఖం 55. దయచేసి దీన్ని అలాగే రాసుకోకండి. ఈ అంకెలు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్, ఆయన సహచరులు 1967లో చేసిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. అక్కడ చూసింది ఇష్టాయిష్టాల వంటి భావాలను. మాట ఒకటి చెబుతుంటే గొంతు, ముఖం ఇంకొకటి చెబుతున్నప్పుడు వినేవాళ్లు దేన్ని నమ్ముతారని. మాట్లాడే విషయాలన్నిటికీ అది వర్తించదని మెహ్రాబియనే చెప్పారు. నిజంగా 93 శాతం మాటల్లో లేకపోతే, తెలుగు రాని మనిషికి ఈ వ్యాసాన్ని హావభావాలతో చదివి వినిపిస్తే దాదాపు అంతా అర్థమైపోవాలి.

అలాగని శరీరభాష చిన్న విషయమేమీ కాదు. మన దగ్గర దీనికి చాలా పాత వర్గీకరణ ఉంది. నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా విడదీసింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. శరీరం, మాట, వేషం, ఇక ఒళ్లు జలదరించడం, గొంతు గద్గదం కావడం లాంటివి నాలుగోది. కూచిపూడి నేర్చుకున్నవాళ్లకు ఇవి కొట్టిన పిండి. రంగస్థలం కోసం చెప్పినవే అయినా గమనించడానికి చక్కగా పనికొస్తాయి. నోట్సులో నాలుగు గళ్లు గీసి నింపండి. మా ల్యాబ్ సంభాషణలో ఆహార్యం గడిలో తెల్లకోటు పడింది. ఆ కోటు ముందు అమ్మ గొంతు మామూలుకంటే తగ్గింది. అది నేను రాసుకునేదాకా గమనించనేలేదు.

మనుషుల మధ్య దూరాల గురించి మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో వెలువడిన పుస్తకంలో అమెరికన్లను గమనించి కొలతలు ఇచ్చారు: సుమారు 45 సెంటీమీటర్లలోపు ఆత్మీయ దూరం, అక్కడి నుంచి నాలుగడుగుల దాకా వ్యక్తిగత దూరం, పన్నెండు అడుగుల దాకా సామాజిక దూరం, ఆపైన సభా దూరం. సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో, రెండు లైన్ల జనం కలిసేచోట నిలబడి చూడండి. ముక్కూమొహం తెలియని మనిషి భుజం మీ భుజానికి ఆనుకుని ఉంటుంది. అప్పుడు మనుషులు ఏం చేస్తారో గమనించండి: కళ్లు పైకెత్తి స్టేషన్ల పట్టీ చూస్తారు, ఫోన్‌లోకి తల దించుతారు. ఒంటితో పెంచలేని దూరాన్ని చూపుతో పెంచుకుంటున్నారు.

గొంతు సంగతికి ఒక్క ఉదాహరణ చాలు. భాషాశాస్త్రవేత్త జాన్ గంపర్జ్ ఒక బ్రిటిష్ విమానాశ్రయ క్యాంటీన్‌లో కొత్తగా చేరిన భారత, పాకిస్తాన్ మహిళల గురించి రాశారు. భోజనం వడ్డిస్తూ "గ్రేవీ కావాలా?" అనే అర్థంలో వాళ్లు "గ్రేవీ" అనేవారు, చివర స్వరం దించి. ఇంగ్లిష్‌వాళ్ల చెవికి అడగాలంటే స్వరం పైకి లేవాలి. దించితే "ఇది గ్రేవీ, తీసుకో" అని పొగరుగా చెప్పినట్టు. ఒక్క మాట, రెండు అక్షరాలు, దానితోనే మనుషుల మీద చెడ్డ పేరు పడిపోయింది.

ఏడో అడుగు: సంగతిని, చుట్టరికాన్ని విడదీయండి

1967లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ వాట్స్‌లావిక్, ఇద్దరు సహరచయితలు చెప్పిన సూత్రాల్లో రెండు ఇక్కడ కావాలి. ఇద్దరు మనుషులు ఒకచోట ఉన్నాక కమ్యూనికేట్ చేయకుండా ఉండటం సాధ్యం కాదన్నది మొదటిది. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే, ఆ మౌనాన్ని మనం ఎన్నిసార్లు చదువుకుంటాం! రెండోది, ప్రతి మాటలోనూ సంగతితో పాటు "మనిద్దరం ఒకరికొకరం ఏమవుతాం" అన్నది కూడా ఉంటుంది.

తెలుగులో ఈ రెండోదాన్ని పట్టుకోవడం ఎంతో సులువు, వ్యాకరణంలోనే ఉంది కాబట్టి. నువ్వు, మీరు. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరప్ భాషల్లోని ఇలాంటి సర్వనామాల మీద రాస్తూ, అవి రెండు సంగతులు కొలుస్తాయన్నారు: అధికారం, దగ్గరితనం. హైదరాబాద్‌లో ఇది మరీ చిక్కు. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ ఆఫీసరును కూడా "నువ్వు చెప్పు సారూ" అంటుంది. ఆమె చెప్పేది దగ్గరితనం. కూకట్‌పల్లిలో స్థిరపడ్డ గుంటూరు చెవికి అది అమర్యాద. ఇంకొకటి, మేము, మనం. "మనం ఈ నెలాఖరుకి పని పూర్తిచేయాలి" అన్న మేనేజరు, శుక్రవారం "మేము ముందే చెప్పాం" అంటే, మధ్యలో ఒక తలుపు మూసుకుంది. ఇంగ్లిష్‌లో ఈ తేడా చూపించే వేర్వేరు మాటలే లేవు.

ఒక రోజంతా మిమ్మల్ని ఎవరెవరు ఏమని పిలిచారో రాయండి. అన్నా, భయ్యా, సార్, బాబు, తమ్మీ, మేడమ్, అక్కా. ఏది ఎప్పుడు మారిందో గుర్తించండి. ల్యాబ్‌లో మొదటి రోజు "అమ్మా" అన్న గొంతు, చాయ్ సంగతి తెలిశాక "మేడమ్"కి మారింది.

ఎనిమిదో అడుగు: అడగని ప్రశ్న ఏమిటో అడగండి

ఇంటికొచ్చాక, మధ్యాహ్నం భోజనాల దగ్గర, అమ్మను మెల్లగా అడిగాను. "చాయ్ తాగొచ్చా లేదా అని డౌట్ రాలేదా?"

"వచ్చింది. అడుగుదామనే అనుకున్న. వెనక లైన్ల అంతమంది నిలబడ్డరు. చాయ్ కోసం ఆగలేదా ముసలామె అనుకుంటరని ఊకున్న."

నా నాలుగో అడుగు నోట్సు అంతా తిరగరాయాల్సి వచ్చింది. అర్థం దాటకపోవడం ఒక్కటే కాదు, అనుమానం వచ్చి కూడా అడగలేకపోవడం అసలు సమస్య. దీనికి మనకు ఒక చక్కటి మాట ఉంది, మొహమాటం. పదిమందిలో మన గురించి మనం నిలుపుకునే విలువను సమాజశాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ 1955లో ఒక వ్యాసంలో "ముఖం" అన్నారు. దాన్ని పట్టుకుని పెనెలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ మర్యాద మీద పెద్ద సిద్ధాంతమే కట్టారు. వాళ్లు ఆధారంగా తీసుకున్న మూడు భాషల్లో మన పక్కింటి తమిళం ఒకటి. ఎవరినైనా ఏదైనా అడగడం ఇద్దరి ముఖానికీ కొంత ప్రమాదం: అడిగినవాళ్లు తెలియనివాళ్లవుతారు, అవతలివాళ్ల పనికి అడ్డం తగిలినట్టవుతుంది.

అందుకే మీ సంభాషణలో రెండోవాళ్లను, కుదిరితే, నింద లేకుండా అడగండి: అప్పుడు ఏం అడగాలనిపించింది, ఎందుకు ఆగారు? తక్కిన అడుగులన్నీ మీరొక్కరే కూర్చుని చేయగలరు. ఇది మాత్రం మనిషి దగ్గరికి వెళ్తే తప్ప కాదు. నేను పిల్లలకు మార్కులు ఎక్కువ వేసేది కూడా ఈ పేజీకే.

తొమ్మిదో అడుగు: మాటను మళ్లీ కట్టండి

ఇప్పుడు నోట్సు ముందు పెట్టుకుని, ఆ చెడిన వాక్యాన్ని తిరిగి రాయండి. అది రెండు వృత్తాలు కలిసేచోట నిలబడాలి, అడగకుండానే అనుమానం తీర్చాలి, ఎవరి ముఖమూ చిన్నబోకూడదు. మొదటిసారే కుదరదు. నాలుగైదు సార్లు రాసి, గట్టిగా పలికి చూడండి.

మాకు దొరికిన మాట "పరగడుపున". అమ్మ రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర పరగడుపున వేసుకుంటుంది, చాయ్ పొయ్యి మీద పెట్టకముందే. ఆ మాట ఆమె వృత్తంలో ఉంది, దానికి ఆమె ఇచ్చే అర్థం ల్యాబ్ వాళ్లకు కావలసిన అర్థమే.

మూడో రోజు పొద్దున రక్తం తీయడం అయ్యాక, బిల్లు కట్టేటప్పుడు కౌంటర్ అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. పాపం, రోజూ ఇద్దరు ముగ్గురు చాయ్ తాగే వస్తారంది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకు రాయించుకోవడానికి వెళ్లాం. ఈసారి ఆమె అద్దం ఖాళీలోకి కొంచెం వంగి, అమ్మ మొహంలోకి చూసింది.

"పొద్దున లేవగానే ఏం తీసుకుంటావమ్మా?"

"చాయ్, బిడ్డా."

"రేపు అది వచ్చినంక తాగు. పరగడుపున రావాలి. మంచినీళ్లు ఎన్నైనా తాగొచ్చు."

"గోలి?"

"గోలి పెట్టెలో తెచ్చుకో. రక్తం తీసినంక వేసుకుందువు."